మూడో గదికి హింట్ లేదు

"దీవి బాగుంది. సముద్రం ఇంకా బాగుంది. కానీ లైట్‌హౌస్ తలుపు తెరవడానికి ఫిడేలు తీగ తీసి చేపకి కట్టాలని ఎవరికైనా సొంతంగా తోచిందంటే, వాళ్ళని ఆటలు ఆడనివ్వకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రెండు స్టార్లు. రెండోది సముద్రానికి."

ఈ రివ్యూ రాసినవాడు ఆన్‌లైన్‌లో ‘కళ్ళజోడు’ అనే పేరుతో తిరుగుతుంటాడు. ఆ తీగనీ ఆ చేపనీ కలిపిన మహాతల్లిని ఆఫీసులో అందరూ చిక్కుముడి అంటారు. అడ్వెంచర్ గేములకి పజిళ్ళు తయారుచెయ్యడం ఆమె ఉద్యోగం. రివ్యూ వచ్చి ఏడాది దాటింది. దాన్ని తను అసలు పట్టించుకోలేదని చిక్కుముడి అందరికీ చెబుతుంది. చెప్పేటప్పుడు ఒక్క కామా కూడా పోకుండా మొత్తం అప్పజెబుతుంది.

ఇంట్లో అమ్మ పరిస్థితి ఇంకా ఘోరం. టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ మాటలు కలిపి రిటైరైన మనిషి, ఇప్పుడు కూతురి ఆటల గురించి ఎవరేమన్నారో చదవడమే ఉద్యోగంగా పెట్టుకుంది.

"ఇవాళ మళ్ళీ రాశాడే ఆ కళ్ళజోడు," అంది ఒకరోజు కంచం ముందు పెడుతూ.

"మన ఆట మీదా?"

"కాదులే, వేరేవాళ్ళ ఆట మీద. రెండు స్టార్లే ఇచ్చాడు."

"హమ్మయ్య."

"వాడికి పెళ్ళయి ఉండదు," అని తేల్చేసింది అమ్మ. "అయినవాడికి ఇంత తీరిక ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఇక కొత్త ఆట సంగతి. అందులో మొత్తం ఏడు గదులు. ఆరింటిలో బాస్ వేలు పెట్టాడు. మూడో గది మాత్రం చిక్కుముడి ఎనిమిది నెలలు ఒక్కతే కూర్చుని కట్టింది. ఆట చివర్లో పేర్లు వచ్చేటప్పుడు ‘మూడో గది’ అన్న మాట పక్కన తన పేరొక్కటే ఉంటుందని బాస్ దగ్గర మాట కూడా తీసుకుంది. ఆరేళ్ళ ఉద్యోగంలో పూర్తిగా తనదని చెప్పుకోవడానికి ఆమెకి అదొక్కటే ఉంది.

ఆ గది ఒక గుహ. పైనుంచి ఐదు ఇత్తడి గంటలు వేలాడుతుంటాయి. ఎదురుగా రాతి తలుపు. ఆడేవాళ్ళ చేతిలో బుస్సుమని చప్పుడు చేసే గ్యాస్ లాంతరు. ఆ లాంతరు ఆర్పేసి కాసేపు ఊరికే నిలబడితే, గంటల మీద నీటిచుక్కలు పడటం వినిపిస్తుంది. చుక్కలు పడిన వరసలోనే గంటలు కొడితే తలుపు తెరుచుకుంటుంది. అంతకంటే ఏమీ లేదు.

చిక్కల్లా ఏమిటంటే, గేములు ఆడే జనానికి ఊరికే నిలబడటం రాదు.

"ఒక హింట్ బటన్ పెడదామమ్మా," అన్నాడు బాస్.

"పెడితే అందరూ అదే నొక్కుతారు సార్."

"నొక్కితే మనకేం నష్టం?"

"మనకి లేదు. నాకుంది."

బాస్ అరిచే మనిషి కాదు. చల్లగా మాట్లాడి కొంప ముంచే రకం. "సరే. ఐదుగురు బయటివాళ్ళని పిలిచి ఆడిద్దాం. ముగ్గురు నలభై నిమిషాల్లో దాటితే నీ గది ఉంటుంది. లేకపోతే తీసేసి అక్కడొక వంతెన పెడదాం. ఇటు నుంచి అటు నడిచిపోతారు. జనం వంతెనల్ని ఎప్పుడూ తిట్టలేదు," అన్నాడు.

టెస్టుకి వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పజిల్ కట్టినవాళ్ళే ఆడేవాళ్ళ వెనక కుర్చీలో కూర్చోవాలి. మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు, నిట్టూర్చకూడదు. ‘చూడు, రాసుకో, నోరు మూసుకో’ అని బాస్ గోడ మీద అట్ట అంటించాడు. సొంత బిడ్డ పరీక్ష రాస్తుంటే కిటికీ అవతల నిలబడినట్టుంటుంది ఆ కుర్చీలో.

మొదట వచ్చిన బ్యాంకు గుమస్తా నలభై నిమిషాలూ గంటలు వాయించి, చెవులు దిమ్మెక్కి వెళ్ళిపోయాడు. రెండో ఆయన సంగీతం మాస్టారు, పదిహేను నిమిషాల్లో లాంతరు ఆర్పేసి చుక్కలకి తాళం కూడా వేశాడు. మూడో అమ్మాయి గుహలో ఉన్న పంతొమ్మిది రాళ్ళూ సంచీలో వేసుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, పనికొస్తాయేమోనని అంది. నాలుగో ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ చేసి వచ్చి కునికిపాట్లు పడుతూ పొరపాటున లాంతరు మీట నొక్కింది, చుక్కలు విని ఉలిక్కిపడి లేచి తలుపు తీసేసింది.

ఇద్దరు దాటారు, ఇద్దరు దాటలేదు. ఐదో మనిషిని తానే పిలిచానని బాస్ ఎంతో సంతోషంగా చెప్పాడు. "మనల్ని అందరికంటే ఎక్కువ తిట్టినవాడు. వాడు దాటాడంటే ఇక ఎవరైనా దాటతారు."

అతనెవరో చిక్కుముడికి అడక్కుండానే అర్థమైంది. ఆ రాత్రి తిండి సయించలేదు.

మర్నాడు వాన. గొడుగు మీంచి నీళ్ళు కారుస్తూ ఒకతను మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చిన్న తోలు పెట్టె ఉంది. రెండు రోజులుగా ఆఫీసులో ఏసీ పనిచెయ్యడం లేదు.

"ఏసీ అటువైపండీ," అంది చిక్కుముడి. "బాగుచెయ్యడానికే కదా వచ్చారు?"

"కాదండీ. తిట్టడానికి వచ్చాను."

ఆమె పైనుంచి కిందిదాకా చూసింది. మూడు రకాల అద్దాలు వేసుకున్న బక్కపలచటి మనిషిని ఊహించుకుంది ఏడాదిగా. ఇతనికి కళ్ళజోడే లేదు. పైగా కళ్ళు బాగున్నాయి. అది ఇంకా ఒళ్ళు మండించింది.

"కళ్ళజోడు ఏదీ?"

"నాకెందుకండీ? నేను అమ్ముతాను. షాపుంది." పెట్టె చూపించాడు. "దార్లో ఒక పెద్దాయనకి ఫ్రేము సరిచేసి వస్తున్నా."

"అంటే మీకు అవసరం లేనిది అవసరమున్నవాళ్ళకి అమ్ముతారన్నమాట."

"మీరూ అంతేగా. జవాబు తెలిసి, తెలియనివాళ్ళకి పజిళ్ళు అమ్ముతారు. చేప మీదేనా?"

"నాదే."

"అనుకున్నా. చూస్తే ఆరోగ్యంగానే ఉన్నారే."

బాస్ బయటికి రాకపోయి ఉంటే ఆ గొడుగుకి ఏం జరిగేదో చెప్పలేం.

టెస్టు మొదలైంది. అతను కంప్యూటర్ ముందు, ఆమె వెనక కుర్చీలో, ఆమె నెత్తిన ట్యూబ్‌లైటు. మొదటి పది నిమిషాలు అతను అందరి లాగే లాంతరు పట్టుకుని గోడలన్నీ గాలించాడు. "ఇక్కడ గబ్బిలాలు ఉండాలే, అద్దె కట్టలేక పోయాయా?" అని గొణిగాడు. చిక్కుముడి పెదవి కొరుక్కుంది. నవ్వకూడదని రూలు లేదుగానీ, ఇతని మాటకి నవ్వకూడదని ఆమె సొంత రూలు.

పదకొండో నిమిషంలో అతని చెయ్యి లాంతరు మీట మీద పడింది. తెర మొత్తం నల్లబడింది. మళ్ళీ వెలిగిస్తాడనుకుంది. వెలిగించలేదు. కదలకుండా ఆ చీకటిలోకే చూస్తూ కూర్చున్నాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఏడాది పాటు తను తిట్టుకున్న మనిషి, సంగీతం మాస్టారి కంటే శ్రద్ధగా, తన గుహలో నిలబడి వింటున్నాడు. చిక్కుముడి కుర్చీ అంచుకి జరిగింది.

తర్వాత అతను మెల్లగా ఒక్కో గంట దగ్గరికీ వెళ్ళి, ఆగి, ఆలోచించి కొట్టాడు. ఒక్క తప్పు లేదు. ఇరవై రెండో నిమిషంలో రాతి తలుపు కదిలింది.

బాస్ గడియారం చూసి చప్పట్లు కొట్టాడు. "గది ఉంటుందమ్మా." ఉంటుందన్న మాట అంత తియ్యగా ఉంటుందని చిక్కుముడికి అంతకుముందు తెలియదు.

వాన వెలిసేదాకా కింద టీ కొట్టు దగ్గర నిలబడ్డారు ఇద్దరూ. టీ ఆమే ఇప్పించింది. మనసు అంత మెత్తబడింది మరి.

"ఏ చుక్క ముందు వినపడింది మీకు?" అని అడిగింది.

అతను గ్లాసు కిందపెట్టాడు. "ఏ చుక్కలండీ?"

"నీటిచుక్కలు. గంటల మీద పడేవి."

"అందులో చుక్కలున్నాయా? బయటి వాన చప్పుడనుకున్నా," అన్నాడు.  "మీకొక మాట చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోదామని మెట్లు దిగేటప్పుడు గట్టిగా అనుకున్నాను. కాళ్ళు రావడం లేదు. లాంతరు ఆరిపోయింది చూశారూ, తెర అద్దంలా అయిపోయింది. అందులో మీరు కనిపించారు. నేను లాంతరు ఆర్పగానే మీ మొహం వెలిగిపోయింది. సరే, ఇదేదో మంచి పనే చేశాననుకుని వెలిగించలేదు. తర్వాత గంటల దగ్గరికి వెళ్తుంటే, తప్పు గంటయితే మీ కనుబొమలు దగ్గరికొస్తున్నాయి, సరైనదైతే పైకి లేస్తున్నాయి. నేను మీ గది దాటలేదండీ. మీ మొహం చూసి వచ్చేశాను."

చిక్కుముడి చేతిలో టీ చల్లారిపోయింది.

"అది మోసం."

"అవును. కానీ మొహం మీది."

"మరి నాకెందుకు చెప్పారు? బాస్‌కి చెప్పే పని నా మీద తోసేయడానికా?"

"మీ ఇష్టం. నేను ఎవరికీ చెప్పను. ఎక్కడా రాయను. మీరు నన్ను చూసి అంత సంతోషపడ్డారు. ఆ సంతోషానికి నేను తగను, అది మీకు తెలియాలి అనిపించింది."

"గొప్ప నిజాయితీ. ఇంకో నెల ఆగి, నేను ఊళ్ళో లేనప్పుడు ఉత్తరం రాసి ఉంటే బాగుండేది," అని గ్లాసు పెట్టేసి వానలోనే మెట్లెక్కి వెళ్ళిపోయింది. అతను గొడుగు తీసుకుని రెండడుగులు వేసి, ఆగిపోయాడు.

మూడు రోజులు చిక్కుముడి ఎవరికీ చెప్పలేదు. గది ఉంది, పేరు ఉంటుంది, అంతా బాగానే ఉంది. గది బొమ్మ తెర మీద పెట్టుకున్న ప్రతిసారీ మాత్రం వెంటనే తీసేసేది. నాలుగో రోజు అమ్మకి చెప్పేసింది. అమ్మ అంతా విని, కళ్ళజోడుని ఎప్పటిలాగే తిట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపేసింది.

"వాడు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదే."

"కాదు."

"మరెందుకు చెప్పాడు? వాడికేం ఒరిగింది, నీచేత తిట్లు తినడం తప్ప?"

"తెలీదమ్మా."

"నాకు తెలుసు," అని అమ్మ టీవీ వైపు తిరిగి కూర్చుంది. 

మర్నాడు చిక్కుముడి బాస్ దగ్గరికెళ్ళి ఐదో టెస్టు లెక్కలోకి రాదని చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది, కనుబొమలతో సహా. బాస్ ఆమె మొహాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"పది రోజులిస్తాను. తర్వాత మళ్ళీ ఐదుగురు. కుదరకపోతే వంతెనే. ఈసారి నువ్వు బయట కూర్చో."

ఆ సాయంత్రమే ఆమె కళ్ళద్దాల షాపుకి వెళ్ళింది. అతను ఒకావిడకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?" అని ఎంతో ఓపిగ్గా అడుగుతున్నాడు. అందరి అభిప్రాయం ఇంత మర్యాదగా కనుక్కునే మనిషి తన అభిప్రాయం మాత్రం అంత ఘోరంగా ఎలా చెబుతాడో ఆమెకి అర్థం కాలేదు.

ఆవిడ వెళ్ళిపోగానే చిక్కుముడి లాప్‌టాప్ తీసి కౌంటర్ మీద పెట్టింది. "బాస్‌కి చెప్పేశాను. గది పోయేలా ఉంది. ఇప్పుడు నిజంగా ఆడండి. నేను బయట ఉంటాను. ఎక్కడ విసుగొస్తే అక్కడ తిట్టండి, రాసుకుంటాను."

"మీరు బయట ఉంటే తిట్లు ఎలా వినపడతాయి?"

"మీవి వినపడతాయిలెండి. ఏడాదిగా వింటున్నా."

మూడు సాయంత్రాలు ఆడాడు. మూడుసార్లూ బయటపడలేకపోయాడు. జవాబు తెలిసినా, జవాబు తెలియని మనిషిలా ఆడటం అతనికి వచ్చు. ఆ విద్య అందరికీ రాదని చిక్కుముడి ఒప్పుకుంది, పైకి అనలేదు. "లాంతరు ఎందుకు ఆర్పుతానండీ? చీకట్లో లాంతరు ఆర్పేవాణ్ణి పిచ్చివాడంటారు," అని లోపల్నుంచి అరిచేవాడు. "విందామని," అని ఆమె బయటినుంచి అరిచేది. "వినేదుందని నాకెవరు చెప్పారు?" అని అతను. పక్క షాపు టైలరు కుట్టు ఆపి మరీ వినేవాడు.

మూడో సాయంత్రం అతను బయటికొచ్చి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఈసారి వెటకారం లేదు.

"తప్పు పజిల్‌ది కాదండీ. గది బాగుంది. నిజంగా బాగుంది. కానీ అందులో ఎవరూ లేరు. ఆ రోజు నేను ఎందుకు దాటానో తెలుసా? నేనొక మంచి పని చేస్తే సంతోషపడే మనిషి వెనకాల ఉంది. ఇప్పుడు ఆ గుహలో నేను సరిగ్గా చేసినా, తప్పు చేసినా ఎవరికీ పట్టదు. ఎవరికీ పట్టని చోట ఎవరైనా ఎంతసేపు నిలబడతారు?"

చిక్కుముడి గబుక్కున లేచింది. తర్వాత లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి గుహలోకి ఒక పిల్లి వచ్చింది. లాంతరు వెలుగు మీద పడితే ముడుచుకుని రాయి వెనక దాక్కుంటుంది. దాన్ని చూడాలంటే లాంతరు తగ్గించాలి, ఇంకా తగ్గించాలి, ఆర్పెయ్యాలి. అప్పుడు చీకట్లో రెండు కళ్ళు వెలుగుతాయి. చుక్క ఏ గంట మీద పడితే ఆ గంట వైపు తిరుగుతాయి. సరైన గంట కొడితే పిల్లి ఒక అడుగు దగ్గరికొస్తుంది. చివరి గంట కొట్టగానే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటుంది.

ఐదుగురిలో ఐదుగురూ దాటారు. రాళ్ళమ్మాయిని మళ్ళీ పిలిస్తే ఈసారి ఒక్క రాయీ ఏరలేదు, పిల్లిని మాత్రం సంచీలో వేసుకోవడానికి ప్రయత్నించింది. బాస్ వంతెన మాట ఎత్తలేదు. హింట్ బటన్ ఊసు కూడా లేదు.

ఆట విడుదలైన రోజు అమ్మ పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని రివ్యూలు చదవడం మొదలుపెట్టింది. "‘ఆట ఫరవాలేదు, పిల్లి అద్భుతం.’ ‘ఏడు గదులెందుకు, పిల్లి గది ఒక్కటి చాలు.’ ‘ఆరో గది కట్టినవాళ్ళకి పిల్లి దొరకలేదా?’" చదువుతూ చదువుతూ ఆగింది. "ఒసేయ్, కళ్ళజోడు రాశాడు."

"ఎన్ని స్టార్లు?"

"అసలివ్వలేదు. ‘ఈ ఆటకి నేను రివ్యూ రాయను. కారణం నా సొంతం’ అని రాశాడంతే. కింద జనం ఉతికి ఆరేస్తున్నారు. ‘కళ్ళజోడు అమ్ముడుపోయాడు’ట. ‘కంపెనీవాళ్ళు ఎంతిచ్చారు’ట. నాలుగేళ్ళుగా చదివేవాళ్ళు కూడా ఇక నీ మాట నమ్మం అంటున్నారు." అమ్మ ఫోను బల్ల మీద పెట్టింది. "పాపం, ఒక్కడికీ జవాబివ్వలేదే."

చిక్కుముడి అప్పటికే చెప్పులేసుకుంటోంది.

షాపులో అతనొక్కడే ఉన్నాడు. ఫ్రేములు తుడుస్తున్నాడు. తుడిచినవే తుడుస్తున్నాడు.

"రివ్యూ ఎందుకు రాయలేదు?" అంది గుమ్మంలోంచే.

"కారణం రాశానుగా."

"నాకు కూడా సొంతమేనా ఆ కారణం?"

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "బాగుందని రాస్తే, మీకోసం రాశానని నాకే అనుమానం వస్తుంది. బాగోలేదని రాస్తే, మీకోసం రాయలేదని నిరూపించుకోవడానికి రాసినట్టుంటుంది. ఆ ఆట గురించి ఇక నేను నిజం చెప్పలేను. వెనకాల కూర్చుని సంతోషపడ్డ మనిషిని ఇష్టపడ్డాను. ఆ టీ కొట్టు దగ్గరే ఇష్టపడ్డాను. అందుకే అబద్ధం చెప్పి వెళ్ళిపోలేకపోయాను."

"ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు గది కోసం వస్తున్నారు. గది పూర్తయ్యాక కూడా వస్తారేమో చూద్దామనుకున్నా."

"రాకపోతే?"

"రాకపోతే ఇంకేముందండీ, రివ్యూ రాసేవాణ్ణి."

ఆమెకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. రెండూ ఒకేసారి రావడంతో ఏం చెయ్యాలో తెలియక కౌంటర్ ముందున్న కుర్చీలో కూర్చుంది.

"గది పూర్తయింది," అంది. "నా కళ్ళు బానే ఉన్నాయి, అద్దాలు అక్కర్లేదు. నాకిక్కడ ఏ పనీ లేదు. నీకోసమే వచ్చాను."

నాలుగేళ్ళుగా ప్రతిదాని మీదా అభిప్రాయమున్న మనిషి తుడిచిన ఫ్రేములన్నీ అలాగే వదిలేశాడు. కౌంటర్ ఇటువైపుకి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.  

కాసేపటికి చిక్కుముడి రెండో చేత్తో ఫోను తీసింది. "అమ్మా, సాయంత్రం ఒకరిని ఇంటికి తీసుకొస్తున్నాను."

"కళ్ళజోడునేగా?" అమ్మ గొంతు షాపంతా వినపడింది. "తీసుకురా. నీకు చెప్పానా, వాడికి పెళ్ళయి ఉండదని. ఏడాదిగా ఆ పిల్లాడికి చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. భోజనం చేసి మరీ వినాలని చెప్పు."

అతని మొహం పాలిపోయింది. "చాలా అంటే ఎన్ని?"

"అన్నీ," అంది చిక్కుముడి. "భయమేస్తే రావద్దులే."

అతను లేచి దీపాలార్పి, పట్టపగలే షట్టర్ దించేశాడు. పక్క షాపు టైలరు తల బయటపెట్టి, ఎక్కడికి బాబూ ఇంత తొందరగా అని అడిగాడు.

"తిట్లు తినడానికి," అన్నాడు కళ్ళజోడు. అంత సంతోషంగా ఆ మాట అన్న మనిషిని టైలరు అంతవరకు చూడలేదు.